ఒకే దారిలో రెండు దీపావళులు

ఆ బస్సు ఇల్లు చేరదని మనకు తెలుసు. ఏళ్లుగా తెలుసు. అయినా ఆ రాత్రి గుర్తొచ్చినప్పుడల్లా మనసు ఊరుకోదు. దాన్ని ఒక్క అడుగు ఇవతలికి జరిపి నడిపించాలని చూస్తుంది.

2013 అక్టోబరు 29 రాత్రి బెంగళూరులో బయలుదేరిన వోల్వో బస్సు అది. ఆ ఆదివారమే దీపావళి. ఉద్యోగాల కోసం ఊరు వదిలినవాళ్లు పండక్కి ఇంటికొస్తున్నారు. చిన్నటేకూరు దాటింది బస్సు. కర్నూలు దగ్గర తుంగభద్ర దాటింది. బీచుపల్లి దగ్గర కృష్ణమ్మనూ దాటింది. రెండు నదులూ వెనకపడ్డాయంటే ఇల్లు దగ్గరపడినట్టే. దుప్పటి మొహం మీదికి లాక్కుని ఇంకో కునుకు తీసే వేళ అది. అటు హైదరాబాదులో ఏ తల్లో తెల్లారగానే డికాక్షన్ వేయాలని అనుకుంటూ పడుకునే ఉంటుంది.

తెల్లవారుజామున అయిదు దాటింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, కొత్తకోట మండలం, పాలెం. ముందు వెళ్తున్న వాహనాన్ని దాటబోయి బస్సు అంచుకు జరిగింది. కల్వర్టు పిట్టగోడను గుద్దుకుంది. డీజిల్ ట్యాంకు పగిలింది. నిద్రలో ఉన్నవాళ్లకు లేచే వ్యవధి కూడా ఇవ్వలేదు ఆ మంట. 45 మంది పోయారు. బయటపడింది ఏడుగురే. ఎవరు ఎవరో చెప్పడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. పండక్కి బిడ్డ వస్తాడని ఎదురుచూసిన తల్లిదండ్రులు రక్తం నమూనా ఇచ్చి, బిడ్డ అస్థికల కోసం ఎదురుచూశారు.

డ్రైవర్ తప్పు అన్నారు. తప్పే, ఎవరు కాదన్నారు? కానీ రాత్రంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషి తెల్లారుజామున ఒక్క క్షణం తడబడతాడని రోడ్డు వేసినవాళ్లకు తెలియని సంగతా? ఆ పిట్టగోడ ఆ రాత్రి మొలిచింది కాదు. పగటిపూట ఎందరు ఇంజనీర్ల జీపులు దాని పక్కనుంచి వెళ్లి ఉంటాయో. కల్వర్టుకు ఎంతో ముందునుంచే ఏటవాలుగా ఉక్కు క్రాష్ బ్యారియర్ మొదలైతే, అంచుకు జారిన బండిని అది ఒరుసుకుంటూ తిరిగి దారిలోకి నెడుతుంది. బస్సు పక్కభాగం నలిగేది, అద్దాలు పగిలేవి, నలుగురైదుగురికి దెబ్బలు తగిలేవి. మర్నాడు పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త వచ్చేది. ఆ ఇళ్లన్నిటిలో దీపాలు వెలిగేవి.

ట్యాంకుకు గట్టి రక్షణ ఉండి ఉంటే ఢీకొట్టినా చమురు ఒలికేది కాదు. పొగ వాసన పసిగట్టి అరిచే అలారం ఉండి ఉంటే, చీకట్లో తడుముకునే చేతికి అందేలా అత్యవసర ద్వారం ఉండి ఉంటే, మరణం ఇంతమందిని ఒక్కసారిగా తీసుకుపోగలిగేదా? 1997లో స్వీడన్ పార్లమెంటు ఒక మాట ఒప్పుకుంది: మనిషి పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకు ప్రాణం పోకుండా చూడటం రోడ్డు వేసినవాళ్ల, బండి కట్టినవాళ్ల బాధ్యత అని. అక్కడ రోడ్డు మీద చావులు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గాయి. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే 1,68,491 మంది పోయారు. ఆ మాట మనమూ విన్నాం. మన కల్వర్టుల దాకా రానివ్వలేదు.

పాలెం బూడిద చల్లారి రెండు వారాలు దాటాయో లేదో. నవంబరు 14న కర్ణాటకలోని హావేరి దగ్గర అలాంటిదే మరో బస్సు మండిపోయింది. ఏడుగురు పోయారు. తనిఖీలు జరిగాయి. కొన్నాళ్లు ప్రతి బస్సులోనూ అద్దాలు పగలగొట్టే సుత్తి వెతికారు. తర్వాత్తర్వాత బస్సు బాడీకీ, స్లీపర్ కోచ్‌లకూ ప్రమాణాలు అమల్లోకొచ్చాయి. కాగితం మీద అవి మంచివే. కాగితానికీ రాత్రి పదిన్నరకు బయలుదేరే బస్సుకూ మధ్య దూరాన్ని ఎవరూ కొలవలేదు.

మళ్లీ దీపావళి వచ్చింది, 2025లో. ఈసారి పండగ అయిపోయి, పనుల్లోకి తిరిగి వెళ్తున్నవాళ్లు. హైదరాబాదు నుంచి బెంగళూరుకు, అదే దారిన. ఆ బస్సు పాలెం మీదుగానే వెళ్లింది. నిద్రపోతున్నవాళ్లలో ఎవరైనా ఆ చోటును తలుచుకున్నారో లేదో. కృష్ణ దాటింది, తుంగభద్ర దాటింది. అక్టోబరు 24, వేకువ మూడు గంటల వేళ చిన్నటేకూరు చేరింది.

అంతకు కాసేపటి ముందే అక్కడ ఒక బైకు జారి డివైడర్‌కు కొట్టుకుంది. నడుపుతున్న కుర్రాడు అక్కడికక్కడే పోయాడు. వెనక కూర్చున్నవాడు స్నేహితుణ్ని పక్కకు లాగాడు. ఇక బైకును తీయాలి. ఎన్ని నిమిషాలు కావాలి దానికి? ఆ చీకటి రోడ్డు మీద ఎవరైనా ఒక్కరు ఆగి, హెచ్చరిక లైటు వెలిగించి నిలబడితే చాలు. హైవే పెట్రోలింగ్ బండి ఒక్కటి అటుగా వస్తే చాలు. ఆ లోపే బస్సు వచ్చేసింది. బైకును కిందికి లాక్కుని ఈడ్చుకుపోయింది. నిప్పురవ్వలు, పెట్రోలు. వైర్లు కాలి తలుపు తెరుచుకోలేదు. అద్దాలు పగలగొట్టుకోగలిగినవాళ్లు బతికారు. 19 మంది ప్రయాణికులు పోయారు. ఒకే కుటుంబంలో నలుగురు, అందులో ఇద్దరు పసివాళ్లు. మళ్లీ డీఎన్‌ఏ పరీక్షలు.

ఈ కథలో నన్ను ఎక్కువగా కలచివేసేది మంట కాదు. అంతకు పది రోజుల ముందు, అక్టోబరు 14న, రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర మార్పులు చేసిన ఏసీ బస్సు కాలి ఇరవై మందికి పైగా చనిపోయారు. దేశమంతా చూసింది. మన దగ్గర రాత్రి బస్సుల తలుపులు ఒకసారి తెరిచి చూడటానికి ఆ పది రోజులు సరిపోయేవి. చిన్నటేకూరు ప్రమాదం తర్వాత దర్యాప్తు మొదలైంది. సామాన్ల అరలో రెండు వందలకు పైగా మొబైల్ ఫోన్లు ఉన్నాయని, వాటి బ్యాటరీలు మంటను పెంచి ఉంటాయని అప్పుడు చెప్పారు. సీట్ల బస్సును బెర్తుల బస్సుగా మార్చారని అప్పుడు బయటపడింది. అప్పటికే అది అలాంటి మార్పులతోనే ఎన్నో రాత్రులు జనాన్ని ఎక్కించుకుని తిరిగింది. ఆ రాత్రుల్లో ఏ ఒక్కనాడైనా, ఏ తనిఖీ కేంద్రం దగ్గరైనా, దాన్ని పక్కన నిలబెట్టి ఉండొచ్చు.