స్వరలిపియు, పాతపాటల పునరుద్ధరణమును

మాటకు లిపి గలదని మనమందర మెరుగుదుము. తాతగారు వ్రాసిన ఉత్తరమును మనుమడు చదివి, ఆయన మాటను గ్రహింపగలడు. పాటకును అట్టి లిపి గలదా? ఉన్నచో, పాడినవారు గతించిన నూరేండ్లకు దానిని చూచి మరియొకరు ఆ పాటను పలికింపవచ్చునా? అట్లు పలికించినది ఆ పాతపాటయేనా, లేక క్రొత్తదియా? ఈ ప్రశ్నలకు మన తెలుగువారి చరిత్రలోనే సమాధానములు దొరకుచున్నవి. నేను గాయకుడను కాను. 35 సంవత్సరములు బడిలో తెలుగు చెప్పిన సబ్బవరపు పంతులును. వ్రాతను గురించి విచారించుట నా వృత్తి గనుక, ఆ దృష్టితోనే ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

మొదట, లిపి లేకున్న నేమగునో చూతము. తాళ్లపాక అన్నమాచార్యులవారు 1408 మొదలు 1503 వరకు జీవించిరి. వారి సంకీర్తనములను వంశీయులు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమందలి సంకీర్తనభాండారమున భద్రపరచిరి. 20వ శతాబ్దమున ఆ రేకులు పండితుల చేతికి వచ్చి క్రమముగా అచ్చయినవి. సంకీర్తనమునకు పైన రాగము పేరు గలదు, క్రింద పదము గలదు. స్వరము మాత్రము లేదు. రాగనామ మొక్కటి తెలిసినంత మాత్రమున వరుస తెలియదు. ఇల్లు ఏ వీధిలో నుండెనో తెలిసి, దాని కొలతలు తెలియనట్టి స్థితి యిది. పైగా, ఆ రేకులపై నున్న కొన్ని రాగముల పేర్లు నేడు వాడుకలో లేవు.

ఆ పదములకు మరల గానయోగ్యత కలిగించినవారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) ముఖ్యులు. వారు పెక్కు సంకీర్తనములకు స్వరములు కూర్చి, లిపితో ప్రకటించిరి. తరువాత విశాఖపట్టణమున నివసించిన నేదునూరి కృష్ణమూర్తిగారు (1927–2014) మొదలగువారు ఆ కృషిని సాగించిరి. ఇది మహోపకారము. అయినను సత్యము చెప్పవలె గదా! నేడు మనము వినునట్టి ఆ పాటలలో పదము 15వ శతాబ్దిది. వరుస 20వ శతాబ్దిది. అన్నమయ్యగారు తమ స్వామియెదుట నెట్లు పాడిరో రాగిరేకు చెప్పలేదు.

ఇక, లిపి యున్నచో నేమగునో చూతము. 1904వ సంవత్సరమున దక్షిణమున ఎట్టయాపురమను సంస్థానమునందు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ యను మహాగ్రంథము అచ్చయినది. గ్రంథకర్త సుబ్బరామ దీక్షితులు (1839–1906). వీరు ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడైన బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రులు, దత్తపుత్రులును. తమిళదేశపు సంస్థానమున అచ్చయిన ఆ గ్రంథము తెలుగుభాషలో, తెలుగులిపిలో నున్నది. ఆ కాలమున దక్షిణదేశపు సంగీతమునకు తెలుగే విద్యాభాష యనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఈ గ్రంథము పుట్టుటకు మదరాసునందు ప్రభుత్వోద్యోగియైన చిన్నస్వామి మొదలియారుగారి ప్రోత్సాహము కారణము. మన కీర్తనములను ఐరోపావారి లిపిలో వ్రాసి అచ్చువేయుటకు ఆయన పూనుకొనెను. విద్యలను దాచుకొనెడి ఆ కాలమున, వంశమున గుప్తముగా నున్న కీర్తనములను బయట పెట్టుమని పండితుని ఒప్పించుట సామాన్యకార్యము కాదు. దీక్షితులవారు ఒప్పుకొనిరి. ఆయన నాడు ఒప్పుకొనకున్నచో, ముత్తుస్వామి దీక్షితులవారి కృతులలో నెన్ని నేడు పేరుమాత్రముగా మిగిలియుండునో యూహింపవచ్చును.

ఆ లిపి స్వభావము వినుడు. స, రి, గ, మ అను అక్షరములే స్వరములకు గుర్తులు. పై స్థాయికి అక్షరముపై చుక్క, క్రింది స్థాయికి క్రింద చుక్క. కాలము రెట్టించిన చోట అక్షరములపై గీత. తాళము ముగియు తావున నిలువు గీత. ఇంతవరకు ఇతరులును వ్రాసిరి. దీక్షితులవారి విశేషము గమకములకు గుర్తులు పెట్టుట. స్వరమును ఊపినచో కంపితము, ఒత్తినచో నొక్కు, ఒక స్వరమునుండి మరియొక దానికి జారినచో జారు. ఇట్లు ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంజ్ఞ. మన సంగీతమునకు గమకమే ప్రాణము గనుక, ఆయన ప్రాణమునుగూడ కాగితమున కెక్కింప యత్నించెనని చెప్పవచ్చును.

నేటి గాయకులు ఆ పుటనుండి పాటను తీయు విధ మిట్టిది. మొదట చేతితో తాళము వేయుచు, గమకములేక స్వరములను మెల్లగా చదువుదురు. పిదప సంజ్ఞలను చూచి స్వరములను పలికింతురు. ఆపై సాహిత్యాక్షరములను స్వరముల క్రింద చేర్తురు. చివరకు, గురుపరంపరగా వచ్చిన పాఠముతో పోల్చి చూతురు. పలుతావుల పుస్తకపాఠమునకును, నోటిపాఠమునకును భేదము కనబడును. కావ్యములలో పాఠభేదములను పండితులు విచారించినట్లే, ఇక్కడను విచారింపవలసియుండును. అయినను పుస్తకము చెప్పనివి కొన్ని గలవు. ఏ శ్రుతిలో, ఎంత విలంబముగా పాడిరో, కంపితము నెంత ఊపిరో అది చెప్పదు. అవి చెవిద్వారా రావలసినవే.

కాగితమే చాలునట్టి పాటలును గలవు. ముత్తుస్వామి దీక్షితులవారు చెన్నపట్టణ సమీపమున మణలి గ్రామమున నుండిన కాలమున, కుంపిణీవారి కోటలోని బ్యాండువాద్యమును వినిరని సంప్రదాయము చెప్పును. ఆ తెల్లవారి వరుసలకు వారు సంస్కృతసాహిత్యము కూర్చిరి. ఇంగ్లీషు ‘నోటు’ అను మాటనుబట్టి వీనికి నొట్టుస్వరములని పేరు వచ్చినది. ఇట్టివి సుమారు 40 గలవు. ‘సంతతం పాహిమాం’ అనునది ఇంగ్లీషు రాజగీతపు వరుసయే. 1905లో సుబ్బరామ దీక్షితులవారు ప్రకటించిన ‘ప్రథమాభ్యాస పుస్తకము’న ఇవి తెలుగులిపిలో స్వరసహితముగ నున్నవి. ఆ వరుసలు ఆ కాలమున ఐరోపాజనులు వేడుకలలో పాడుకొని, నృత్యమాడినవి. ఐరోపాలో అచ్చయిన పాతస్వరపుటలతో పోల్చి, ఏ పాటకు ఏ వరుస మూలమో పరిశోధకులు కొన్నింటికి నిర్ణయించిరి. ఈ 21వ శతాబ్దమున అమెరికాయందలి భారతీయులు వీనిని పాశ్చాత్యవాద్యములతో మరల రికార్డు చేసిరి. వీనిలో గమకము స్వల్పము గనుక, ఈ పాటలు కాగితమునుండి దాదాపు యథాతథముగ లేచి వచ్చినవి.

కాగితమునకును చెవికిని సయోధ్య కుదిర్చిన మహనీయుడు మన ఉత్తరాంధ్రమునందే పుట్టెను. శ్రీకాకుళము జిల్లా ప్రియాగ్రహారమున 1913లో జన్మించి, 2013లో గతించిన శ్రీపాద పినాకపాణిగారు వృత్తిచే వైద్యులు. విశాఖపట్టణమునను, కర్నూలునను వైద్యవిద్యార్థులకు బోధించిరి. తాము విన్న ఉత్తమగానమును వివరమైన స్వరలిపిలో వ్రాసి, ‘సంగీత సౌరభము’ అను పేర సంపుటములుగ వెలువరించిరి. వ్రాయుటతో ఊరకుండక శిష్యులను కూర్చుండబెట్టి పాడించిరి. పైన చెప్పిన నేదునూరివారు ఆ శిష్యులలోనివారే. పుస్తకమును, శిష్యుని గొంతును, రెంటిని విడిచిపోయినవారు పినాకపాణిగారు.

గ్రామఫోను వచ్చిన తరువాత లిపి యెందుకని కొందరడుగవచ్చును. 1902లో కలకత్తాయందు గౌహర్ జాన్ పాడగా పళ్లెములకు పాట నెక్కించిరి. అది గొప్పమేలు. అయినను పళ్లెమొక్కొక్కటి ఒకరు ఒకనాడు పాడిన మూడు నిమిషముల పాట. దానిలో పదివాద్యములు కలిసి మ్రోగినప్పుడు, ఏ వాద్యము ఏ స్వరము పలికెనో తెలియుట కష్టము. 1951లో విడుదలయిన ‘మల్లీశ్వరి’ చిత్రమునకు సాలూరి రాజేశ్వరరావుగారు సంగీతము కూర్చగా, అద్దేపల్లి రామారావుగారు వాద్యబృందమును తీర్చిరి. పాడిన ఘంటసాలవారిని, భానుమతిగారిని ఎల్లరు నెరుగుదురు. వాద్యములను తీర్చినవారి పేరెందరికి తెలియును? నేడు వేదికలపై పాతపాటలు పాడువారు రికార్డును పదేపదే విని, వాద్యభాగములను ఊహించి వ్రాసికొనుట చూచుచున్నాము. పాశ్చాత్యదేశములలో 1920, 1930 ప్రాంతపు నృత్యగీతములకు వాద్యకర్తలు వ్రాసిన అసలు కాగితములను ముందుంచుకొని, నేటివారు ఆ పాటలను వాయించుచున్నారు. విని ఊహించుటకును, వ్రాతను చూచి పలుకుటకును గల భేదమిదియే. రికార్డు పాట యొక్క ఛాయ. స్వరలిపి దాని అస్థిపంజరము. గురుముఖము దాని ఊపిరి. మూటిలో నేది లోపించినను పునరుద్ధరణము కుంటుపడును.

ఇక మన యూరిమాట. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని మన సబ్బవరపు గ్రామములలో భజనసమాజముల పుస్తకములు చూచియుందురు. పదములు గుండ్రని చేతివ్రాతతో నున్నవి. కొన్నింటిపై రాగనామమును గలదు. వరుస మాత్రము పాడువారి గొంతులలోనే యున్నది. తిరుమల రాగిరేకుల స్థితియే మన భజనపుస్తకముల స్థితియు. నాట్లపాటలకు, అప్పగింతపాటలకు, తప్పెటగుళ్ల పాటలకు ఆ పుస్తకమైనను లేదు. అవి డెబ్బది, ఎనుబది యేండ్ల పెద్దల నోటనే యున్నవి. వారితో అవియు పోవును.

కావున నా మనవి యిది. మీ యింట పాట తెలిసిన వృద్ధులున్నచో, ఒక సాయంకాలము వారిచే అదే పాటను మూడుమార్లు పాడింపుడు. మనుమల చేతి సెల్‌ఫోనులో నిలువచేయింపుడు. అది ఛాయను కాచును. పిదప స్వరజ్ఞానముగలవారిని పిలిచి, స, రి, గ, మలలో వ్రాయింపుడు, తాళమును గుర్తింపుడు. పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భమున పాడుదురో ప్రక్కన వ్రాయుడు. ఇరువురు రెండువిధముల పాడినచో, ఒకటి తప్పని కొట్టివేయక రెండును వ్రాయుడు. అటుపిమ్మట ఒక పిల్లకో, పిల్లవానికో ఆ వృద్ధులయెదుటనే ఆ పాట నేర్పింపుడు. తప్పు పలికినచో దిద్దుటకు వారొకరు బ్రదికియుండగనే ఈ పని జరుగవలెను. ఎట్టయాపురపు పండితుడు తన 65వ యేట ఆ పని ముగించెను. మనలో ననేకులకు అదే వయస్సు. సెలవు.