మార్కో... పోలో... మోటుపల్లి

ఎండాకాలం వచ్చిందంటే చాలు, అమెరికాలో ఏ ఊళ్ళో ఏ స్విమ్మింగ్ పూల్ దగ్గరకు వెళ్ళినా ఒకటే కేక. ఒక పిల్లాడు "మార్కో!" అంటాడు. నాలుగు వైపుల నుంచీ "పోలో!" అని జవాబు వస్తుంది. మన పిల్లల పుట్టినరోజు పార్టీల్లో పిజ్జాలు వచ్చేదాకా ఇదే గోల.

గట్టు మీద కుర్చీల్లో కూర్చుని ఈ అరుపులేమిటా అని ఆశ్చర్యపోయే అమ్మమ్మలూ తాతయ్యల కోసం ఆట సంగతి కాస్త చెబుతాను. ఇది నీళ్ళలో ఆడే కళ్ళగంతలు. దొంగ కళ్ళకు గుడ్డ కట్టరు. తనే కళ్ళు మూసుకోవాలి, అదీ నమ్మకం మీద (మా ఇంటి పక్క అబ్బాయి విషయంలో ఆ నమ్మకం నాకు లేదు). దొంగ "మార్కో" అన్నప్పుడల్లా మిగిలినవాళ్ళు "పోలో" అని తీరాలి. ఆ గొంతు వచ్చిన దిక్కుకు ఈదుకుంటూ వెళ్ళి ఎవరిని ముట్టుకుంటే వాళ్ళు దొంగ.

ఈ ఆట 1960ల నాటికే అమెరికాలో ఉంది. వెనిస్ నగరపు వర్తకుడు మార్కో పోలోకూ దీనికీ సంబంధం ఉందనడానికి మాత్రం ఆధారం లేదు. ఆయన చిన్నప్పుడు దారి తప్పి చీకట్లో తనవాళ్ళ పిలుపులు విన్నాడని ఒక కథ చెబుతారు గానీ, అది తర్వాత అల్లినదే. పిలుపుకొక ముక్క, జవాబుకొక ముక్కగా విరవడానికి ఆ పేరు అనువుగా ఉండడమే కారణమని నా అభిప్రాయం.

ఆటకు సంబంధం లేకపోయినా, ఆ పేరుకూ మన తెలుగువాళ్ళకూ గట్టి సంబంధమే ఉంది.

మార్కో పోలో 1254లో పుట్టాడు. 1271లో తండ్రితోనూ, పినతండ్రితోనూ బయలుదేరి చైనా చేరి, కుబ్లయ్ ఖాన్ కొలువులో ఏళ్ళ తరబడి ఉన్నాడు. తిరుగు ప్రయాణం సముద్రం మీద సాగింది. 1290ల తొలి సంవత్సరాల్లో ఆ ఓడలు మన దక్షిణాది తీరాలను తాకాయి. 1295లో ఇల్లు చేరాడు. తర్వాత జెనోవావాళ్ళకు బందీగా చిక్కి, 1298లో చెరసాలలో ఉండగా రుస్తికెల్లో అనే తోటి ఖైదీకి తన అనుభవాలు చెప్పి రాయించాడు. ఆ పుస్తకంలో "ముత్‌ఫిలి" అని ఒక రాజ్యం ఉంది. అది మన మోటుపల్లి అని పండితులు తేల్చారు. రేవు పేరునే రాజ్యం పేరుగా రాసుకున్నాడన్నమాట. రాజ్యం కాకతీయులది.

ముత్‌ఫిలి గురించి ఆయన చెప్పినవాటిలో రెండు సంగతులు యూరప్ వాళ్ళను బాగా ఆకట్టుకున్నాయి. ఒకటి, సాలెగూడులాంటి సన్నని బట్ట. రెండోది వజ్రాలు. వానలకు కొండల మీద నుంచి వచ్చే వాగుల్లో వజ్రాలు ఏరుకుంటారన్నాడు, అది నమ్మదగ్గదే. పాములుండే లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు అంటుకుంటాయనీ, గద్దలు వాటిని పైకి తెస్తాయనీ కూడా చెప్పాడు. ఈ కథ సింద్‌బాద్ కథల్లోనూ ఉంది. ఏ నావికుడో చెప్పి ఉంటాడు.

రేవు సంగతి మాత్రం కట్టుకథ కాదు. మార్కో పోలో రావడానికి దాదాపు యాభై ఏళ్ళ ముందు, 1244-45లో, గణపతిదేవుడు మోటుపల్లిలో ఒక అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు, తుపానుకు కొట్టుకొచ్చి పగిలిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ స్వాధీనం చేసుకునేవారట. ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకులకు అది అన్యాయమని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుని మిగతా సరుకు వాళ్ళకే వదిలేస్తామని మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు, అంటే మూడున్నర శాతం లోపే. గంధం, చైనా కర్పూరం, పన్నీరు, ఏనుగుదంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు అంటూ సరుకుల పేర్లు కూడా ఉన్నాయి. నేను వృత్తిరీత్యా ఇంజనీరును, చరిత్రకారుణ్ణి కాను. కానీ పరాయి దేశంలో బతుకుతున్నవాడిగా ఈ శాసనం నాకు ఎంతో ఇష్టం. వచ్చినవాడి సొమ్ము వాడికే దక్కుతుందని రాజు రాతి మీద చెక్కించి చెప్పడం చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో యూరప్ తీరాల్లో కూడా పగిలిన ఓడల సరుకు లాక్కునే ఆచారం ఉండేది.

ఇక అసలు విషయం. ఈ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందని మార్కో పోలో రాశాడు. రాజు పోయి నలభై ఏళ్ళయిందట. భర్త మీది ప్రేమతో ఆమె మళ్ళీ పెళ్ళాడలేదట. భర్తకు తీసిపోకుండా, ఇంకా బాగా పాలించిందట. న్యాయం, శాంతి కోరుకునే ఆమెను జనం అంతకుముందు ఏ దొరనూ ప్రేమించనంతగా ప్రేమించారట.

ఈ మెప్పు రుద్రమదేవిది. కానీ చుట్టరికం తప్పు. రుద్రమ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశపు వీరభద్రుడు, ఆయన కాకతీయ సింహాసనం ఎక్కనే లేదు. కొడుకులు లేని గణపతిదేవుడు కూతురికే రాజ్యం అప్పగించాడు. శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు. 1262 నుంచి 1289 దాకా లెక్కేసినా ఇరవై ఏడేళ్ళే, నలభై కాదు. ఆమె చెల్లెలు గణపాంబ మాత్రం ధరణికోటలో భర్త పోయాక ఆ ప్రాంతాన్ని ఏలింది. రేవులో జనం ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథలూ కలగలిపి చెప్పారేమోనని నా ఊహ. లేకపోతే, ఆడది రాజ్యమేలుతోందంటే విధవరాలై ఉంటుందని ఆ వెనిస్ పెద్దమనిషే అనుకున్నాడో!

మా అమ్మాయికి రుద్రమ అంటే 2015లో వచ్చిన సినిమాలోని అనుష్కే. ఈ కథంతా విని, "అయితే ఆయన ఆవిణ్ణి చూడలేదా నాన్నా?" అంది. చూసి ఉండడానికి వీల్లేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఒకటుంది. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి దానం చేశాడు. అప్పటికే ఇద్దరూ పోయారని చరిత్రకారులు దాన్నిబట్టే అంటారు. మార్కో పోలో చైనా వదిలింది 1291 ప్రాంతంలో. అంటే ఆయన ఓడ మన సముద్రంలోకి వచ్చేసరికి వరంగల్లులో రుద్రమ మనవడు ప్రతాపరుద్రుడు రాజు. రేవుల్లో జనం మాత్రం ఇంకా ఆమె గురించే చెప్పుకుంటున్నారు.