ఇచ్చేవారూ పుచ్చుకొనేవారూ ఒకరే అయినప్పుడు: భారత కంపెనీ చట్టంలో సంబంధిత పక్షాల లావాదేవీలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక కంపెనీ తన యాజమాన్య కుటుంబంతోనో, అదే యాజమాన్యం కిందనున్న మరొక సంస్థతోనో జరిపే కొనుగోళ్లు, అమ్మకాలు, అప్పులు, పూచీలను నేటి చట్టపరిభాషలో ‘సంబంధిత పక్షాల లావాదేవీలు’ అంటున్నారు. 19వ శతాబ్దపు కలకత్తా ఏజెన్సీ సంస్థల నుండి 2013 కంపెనీల చట్టం వరకు ఈ లావాదేవీలపై నియంత్రణ ఎట్లా రూపుదిద్దుకొన్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘సంబంధం’ అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనం కాలానుగుణంగా ఎట్లా మారిందో, ఆ నిర్వచనానికి అందని ఖాళీలు ఎట్లా మిగిలాయో, హైదరాబాదులో 2008లో జరిగిన సత్యం–మేటాస్ ఉదంతం ఆ ఖాళీలను ఎట్లా బయటపెట్టిందో వివరించడం వ్యాసోద్దేశం.

కీలక పదాలు: సంబంధిత పక్షాలు, మేనేజింగ్ ఏజెన్సీ, వాటాదారులు, బంధుత్వం, ఆడిట్ కమిటీ, సత్యం, మేటాస్.

1. ఉపోద్ఘాతం:

బేరానికి ఇద్దరు కావాలి. కొనేవాడు తక్కువకు అడుగుతాడు, అమ్మేవాడు ఎక్కువ చెబుతాడు. ఆ పెనుగులాటలోనే న్యాయమైన ధర తేలుతుంది. కొనే సంస్థనూ అమ్మే సంస్థనూ ఒకే కుటుంబం నడిపిస్తున్నప్పుడు ఈ పెనుగులాట ఉండదు. ధర కాగితం మీద రాయబడుతుంది తప్ప బేరంలో తేలదు.

ఇందులోని ప్రమాదాన్ని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఒక కుటుంబానికి మొదటి కంపెనీలో పదిశాతం, రెండవ కంపెనీలో నలభైశాతం వాటా ఉన్నదనుకొందాం. మొదటి కంపెనీ నుండి రెండవదానికి నూరు రూపాయలు అదనంగా చేరితే, ఆ కుటుంబం ఒకచేత్తో పది రూపాయలు పోగొట్టుకొని మరొకచేత్తో నలభై రూపాయలు పొందుతుంది. మిగిలిన నష్టమంతా మొదటి కంపెనీలో పొదుపు సొమ్ము పెట్టిన బయటి వాటాదారులది. ఇటువంటి లావాదేవీలన్నీ మోసాలు కావు. ఒకే సమూహంలోని బొగ్గు గని జనపనార మిల్లుకు సకాలంలో బొగ్గు అందించడం ఉభయులకూ మేలే. ఏది మేలైన ఏర్పాటో, ఏది మళ్లింపో నిర్ణయించే అధికారం ఎవరికి ఉండాలన్నదే కంపెనీ పాలన చరిత్రలో పదేపదే ఎదురైన ప్రశ్న.

2. ఏజెన్సీ సంస్థల కాలం:

1829లో కలకత్తాలో ఏర్పడిన యూనియన్ బ్యాంకు ఈ చరిత్రకు తగిన ఆరంభస్థానం. అది ఉమ్మడి వాటాల బ్యాంకు. దాని డైరెక్టర్లలో పలువురు ఏజెన్సీ వర్తక సంస్థల భాగస్వాములు. నీలిమందు వ్యాపారానికి బ్యాంకు ఇచ్చిన పెద్ద అప్పులు చాలావరకు ఆ వర్తక సంస్థలకే చేరాయి. అప్పు మంజూరు చేసే బల్లకు ఇరువైపులా ఒకే వర్గంవారు కూర్చున్నారు. 1847–48 నాటి వాణిజ్య సంక్షోభంలో ఆ సంస్థలు కూలగా, వాటితోపాటు బ్యాంకు కూడా కూలింది.

ద్వారకానాథ్ ఠాగూర్ 1834లో విలియం కార్‌తో కలిసి స్థాపించిన కార్, ఠాగూర్ అండ్ కంపెనీ సైతం ఆ సంక్షోభంలోనే అంతరించింది. అయితే ఆ సంస్థ ప్రవేశపెట్టిన ఒక పద్ధతి శతాబ్దానికి పైగా నిలిచింది. 1836లో ఏర్పడిన కలకత్తా స్టీమ్ టగ్ అసోసియేషన్ వంటి ఉమ్మడి వాటాల సంస్థలను స్థాపించి, వాటి నిర్వహణను ఒప్పందం ద్వారా తన చేతిలోనే ఉంచుకోవడం ఆ పద్ధతి. దీనినే తరువాతి కాలంలో మేనేజింగ్ ఏజెన్సీ విధానమన్నారు.

ఈ విధానంలో ఏజెంటు కొద్దిపాటి వాటాలతోనే అనేక కంపెనీలను నడిపేవాడు. టీ, జనపనార, బొగ్గు కంపెనీలు పేరుకు వేర్వేరు. కార్యాలయం, ఏజెంటు, తరచుగా డైరెక్టర్లు కూడా ఒకరే. అమ్మకాలపైనా ఉత్పత్తిపైనా కమీషను రావడంతో కంపెనీకి నష్టం వచ్చినా ఏజెంటుకు రాబడి తగ్గేది కాదు. ఒక కంపెనీలోని మిగులు సొమ్మును మరొక కంపెనీకి అప్పుగా మళ్లించడం వాడుక. పెట్టుబడి మార్కెట్టు అంతగా ఎదగని దేశంలో ఈ విధానం కర్మాగారాలకు మూలధనాన్నీ నిర్వహణ నైపుణ్యాన్నీ సమకూర్చిందన్నది నిజం. ఆ సౌకర్యానికి బయటి వాటాదారు చెల్లించిన మూల్యం మాత్రం ఏ పద్దులోనూ కనిపించేది కాదు.

కోస్తా, రాయలసీమ ప్రాంతాలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలోనూ ఇటువంటి అనుభవం ఉన్నది. మద్రాసులోని అర్బత్‌నాట్ అండ్ కంపెనీ 1906 అక్టోబరులో చెల్లింపులు నిలిపివేసింది. దాని పతనానికి ముఖ్యకారణం లండనులోని అనుబంధ సంస్థ పి. మెక్‌ఫాడియన్ అండ్ కంపెనీ చేసిన స్పెక్యులేషను. మద్రాసులో సొమ్ము దాచుకొన్నవారికి లండనులోని సంస్థ ఏం చేస్తున్నదో తెలిసే మార్గం లేదు. ఆ సంక్షోభం తరువాతనే, 1907లో, ఇండియన్ బ్యాంకు ఆవిర్భవించింది.

3. తొలి కట్టుబాట్లు – 1936, 1956:

1913 నాటి భారత కంపెనీల చట్టం, దానికి తొలి సంవత్సరాలలో చేరిన సవరణలు డైరెక్టరు తన స్వప్రయోజనాన్ని వెల్లడించాలన్న సూత్రాన్ని అంగీకరించాయి. మేనేజింగ్ ఏజెంట్లను నేరుగా కట్టడి చేసినది 1936 సవరణ. అది ఏజెన్సీ కాలాన్ని ఇరవై సంవత్సరాలకు పరిమితం చేసింది; ప్రతిఫలాన్ని నికరలాభంతో ముడిపెట్టింది; ఏజెంటుకు కంపెనీ అప్పు ఇవ్వడాన్ని నిషేధించింది. ఒకే ఏజెంటు కిందనున్న కంపెనీల పరస్పర రుణాలపైనా ఆంక్షలు విధించింది.

స్వాతంత్ర్యానంతరం సి.హెచ్. భాభా సంఘం 1952లో సమర్పించిన నివేదిక ఆధారంగా 1956 కంపెనీల చట్టం వచ్చింది. ఇందులోని 295వ సెక్షను డైరెక్టర్లకూ వారి బంధువులకూ ఇచ్చే అప్పులను నియంత్రించింది. 297వ సెక్షను డైరెక్టరుకు ప్రయోజనం ఉన్న ఒప్పందాలకు బోర్డు సమ్మతి తప్పనిసరి చేసింది. 299, 300 సెక్షన్ల ప్రకారం డైరెక్టరు తన ప్రయోజనాన్ని వెల్లడించి ఓటుకు దూరంగా ఉండాలి. 370వ సెక్షను ఒకే యాజమాన్యం కిందనున్న కంపెనీల పరస్పర రుణాలకు హద్దులు గీసింది.

ఈ కట్టుబాట్లు ఎందుకు అవసరమయ్యాయో భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ కేసు తెలుపుతుంది. వాటాల స్పెక్యులేషనులో ఒక సోదర సంస్థకు వచ్చిన నష్టాలను పాలసీదారుల సొమ్ముతో, మధ్యలో మరొక సంస్థను ఉంచి పూడ్చారన్నది ఆ కేసులోని ఆరోపణ. బీమా కంపెనీ అధ్యక్షుడు రామకృష్ణ దాల్మియాకు పడిన శిక్షను 1962లో సుప్రీంకోర్టు సమర్థించింది. బ్యాంకులో ఉన్న కంపెనీ నిధులు కూడా నమ్మకద్రోహ నేరానికి సంబంధించిన ‘ఆస్తి’ కిందికే వస్తాయని ఆ తీర్పు స్పష్టం చేసింది. దాల్మియా–జైన్ సమూహంపై విచారణకు 1956 డిసెంబరులో నియమితమైన సంఘం, తరువాత వివియన్ బోస్ అధ్యక్షతన 1962లో నివేదిక ఇచ్చింది. ఒక్కొక్క కంపెనీ ఖాతాను విడివిడిగా చూస్తే కనిపించని మళ్లింపులు, సమూహమంతటినీ కలిపి చూస్తేనే బయటపడతాయన్నది ఆ విచారణ నేర్పిన పాఠం. చివరకు 1969 సవరణ ద్వారా, 1970 ఏప్రిల్ 3 నుండి మేనేజింగ్ ఏజెన్సీ విధానమే రద్దయింది.

4. ‘బంధువు’ ఎవరు?

ఏజెంటు అనే పదవి రద్దయినా, ఆ పదవిలో ఉన్న కుటుంబాలు ప్రమోటర్లుగా, మేనేజింగ్ డైరెక్టర్లుగా కొనసాగాయి. దీనితో చట్టం దృష్టి పదవి నుండి బంధుత్వం వైపు మరలింది. 1965 సవరణ తరువాత 1956 చట్టపు షెడ్యూలులో జీవిత భాగస్వామి, ఉమ్మడి కుటుంబ సభ్యులు కాక ఇరవైరెండు వరుసలు ఉండేవి. తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు, మనుమలు, మనుమరాండ్రు, అన్నదమ్ముల భార్యలు, అక్కచెల్లెళ్ల భర్తలు వీటిలో ఉన్నారు. 2014 నియమాలు ఈ పట్టికను ఎనిమిది వరుసలకు కుదించాయి: తండ్రి, తల్లి, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, సోదరుడు, సోదరి.

తెలుగు కుటుంబవ్యవస్థ తెలిసినవారికి ఈ పట్టికలోని లోటు వెంటనే తోస్తుంది. మేనమామ పాత పట్టికలోనూ లేడు, కొత్త పట్టికలోనూ లేడు. భార్య సోదరుడైన బావమరిది పరిస్థితీ అదే. అక్కచెల్లెలి భర్తకు పాత పట్టికలో చోటుండగా కొత్తదానిలో లేదు. వియ్యంకుడు ఎన్నడూ లేడు. మేనరికాలతో, వియ్యాలతో పెట్టుబడులు కలిసే సమాజంలో వ్యాపార భాగస్వామ్యానికి తొలి పునాదులు తరచుగా ఈ వరుసలే. పట్టిక ఎంత పొడవైనా బంధుత్వం దానిని దాటిపోతుంది. దానిని మరీ పొడిగిస్తే ప్రతి లావాదేవీ అనుమానాస్పదమే అవుతుంది. ఈ చిక్కుకు పరిష్కారంగా లెక్కల ప్రమాణాలు మరొక కొలతను తెచ్చాయి. 2001 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన 18వ అకౌంటింగు ప్రమాణం, నియంత్రణ, గణనీయమైన ప్రభావం అనే రెండింటి ఆధారంగా సంబంధాన్ని గుర్తించి, లావాదేవీలను ఆర్థిక నివేదికలో వెల్లడించాలన్నది.

5. సత్యం–మేటాస్ ఉదంతం:

ఈ వ్యవస్థకు కఠినమైన పరీక్ష హైదరాబాదులో ఎదురయింది. 1987లో స్థాపితమైన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ 2001 నుండి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలోనూ నమోదై ఉన్నది. 2008 డిసెంబరు 16న దాని బోర్డు, మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా 130 కోట్ల డాలర్లకు, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను 30 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. ఈ రెండు సంస్థలూ సత్యం స్థాపకుని కుమారులు నడుపుతున్నవి. ఇంగ్లీషులో సత్యం అక్షరాలను తిరగేసి రాస్తే వచ్చేదే మేటాస్ అన్న పేరు. అప్పటికి సత్యంలో స్థాపక కుటుంబపు వాటా పదోవంతుకన్నా తక్కువ. మేటాస్ సంస్థలలో సుమారు మూడోవంతు. ఉపోద్ఘాతంలో చూపిన లెక్క ఇక్కడ యథాతథంగా వర్తిస్తుంది.

బోర్డులో పేరుపొందిన విద్యావేత్తలు, మాజీ ఉన్నతాధికారి స్వతంత్ర డైరెక్టర్లుగా ఉన్నారు. తీర్మానం ఏకగ్రీవం. అంటే అప్పటి చట్టం ఆశించిన బోర్డు సమ్మతి లభించింది. బయటి వాటాదారుల ఓటును మాత్రం ఎవరూ కోరలేదు. వారు తమ అసమ్మతిని మార్కెట్టులో చూపారు. ఆ రోజే న్యూయార్కులో సత్యం డిపాజిటరీ వాటాల ధర సగానికి పైగా పడిపోయింది. కొన్ని గంటలలోనే సంస్థ ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకొన్నది.

అసలు కారణం 2009 జనవరి 7న వెలువడిన స్థాపకుని లేఖలో బయటపడింది. ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివేనని ఆ లేఖ అంగీకరించింది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను చేర్చడానికి చేసిన చివరి ప్రయత్నమే మేటాస్ కొనుగోలని కూడా తెలిపింది. అంటే ఆ లావాదేవీలో ధర న్యాయమైనదా కాదా అన్న చర్చకే ఆధారం లేదు. చెల్లించవలసిన సొమ్మే కంపెనీ వద్ద లేదు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం స్థాపకునితో సహా పదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. ఆ తీర్పుపై అప్పీళ్లు దాఖలయ్యాయి.

ఈ ఉదంతం నుండి రెండు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, డైరెక్టర్ల పాండిత్యం, హోదా వాటాదారుల సమ్మతికి ప్రత్యామ్నాయం కాలేవు. రెండవది, అనుబంధ సంస్థతో జరిగే అసాధారణ లావాదేవీ పాతగోతిని పూడ్చే ప్రయత్నం కావచ్చు. కనుక దానిని విడిగా కాక కంపెనీ ఆర్థికస్థితి మొత్తంతో కలిపి పరీక్షించాలి.

6. 2013 చట్టం – ఓటు ఎవరిది?

1956 చట్టం కింద, 1974 సవరణ తరువాత, కోటి రూపాయలు అంతకు మించిన చెల్లింపు మూలధనం గల కంపెనీలు 297వ సెక్షను కిందికి వచ్చే ఒప్పందాలకు కేంద్రప్రభుత్వ అనుమతి పొందవలసి ఉండేది. ఇతర కంపెనీలతో జరిగే ఒప్పందాలలో ప్రైవేటు కంపెనీలతో జరిగేవే ఆ సెక్షను పరిధిలోకి వచ్చేవి. పబ్లిక్ కంపెనీలతో జరిగేవి తప్పించుకొనేవి. 2013 చట్టంలోని 188వ సెక్షను ప్రభుత్వ అనుమతిని తొలగించి, ఆ అధికారాన్ని వాటాదారులకు అప్పగించింది. నిర్ణీత పరిమితిని మించిన లావాదేవీకి కంపెనీ తీర్మానం కావాలి. ఆ తీర్మానంపై సంబంధిత పక్షమైన సభ్యుడు ఓటు వేయరాదు. మొదట ప్రత్యేక తీర్మానం కోరిన చట్టం 2015 సవరణతో సాధారణ తీర్మానంతో సరిపెట్టుకొన్నది. వ్యాపారపు సాధారణ క్రమంలో, సంబంధం లేని ఇద్దరి మధ్య కుదిరే ధరకు జరిగే లావాదేవీలకు 188వ సెక్షను నుండి మినహాయింపు ఉన్నది.

నమోదిత కంపెనీల విషయంలో సెబీ మరింత ముందుకు వెళ్లింది. 2021లో చేసిన సవరణల ప్రకారం, 2022 జనవరి నుండి ఆడిట్ కమిటీలోని స్వతంత్ర డైరెక్టర్లు మాత్రమే ఈ లావాదేవీలను ఆమోదించాలి. 2022 ఏప్రిల్ నుండి వెయ్యి కోట్ల రూపాయలు, లేదా ఏకీకృత వార్షిక టర్నోవరులో పదిశాతం – ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిని మించిన లావాదేవీకి వాటాదారుల సమ్మతిని తప్పనిసరి చేశారు. ప్రమోటర్ సమూహంలోని ప్రతి సంస్థను సంబంధిత పక్షంగానే లెక్కించారు. వరుసల పట్టికకు అందని బావమరిది, వియ్యంకుడు ఆ సమూహంలో ఉన్నంతమేరకు ఈ కొలతకు చిక్కుతారు. దాని బయట ఉంటే మాత్రం తప్పించుకోగలరు.

7. ముగింపు:

ఈ చరిత్రలో చట్టం మూడు మెట్లు ఎక్కింది. మొదట డైరెక్టరు తన ప్రయోజనాన్ని తోటి డైరెక్టర్లకు చెబితే చాలన్నది. తరువాత ప్రభుత్వం అనుమతించాలన్నది. చివరకు నష్టం ఎవరికి కలుగుతుందో వారినే అడగాలన్నది. యూనియన్ బ్యాంకు డిపాజిటుదారును, భారత్ ఇన్సూరెన్స్ పాలసీదారును, సత్యం వాటాదారును ముందుగా అడిగినవారు లేరు. ముగ్గురూ సంగతిని చివరగానే తెలుసుకొన్నారు.

మూడవ మెట్టుకూ పరిమితులున్నాయి. వాటాదారు ఓటు విలువ అతనికి అందిన సమాచారం విలువను మించదు. ఖాతాలే అబద్ధమైతే ఓటు కూడా ఆ అబద్ధంపైనే పడుతుంది. సాధారణ క్రమం, న్యాయమైన ధర అనే మినహాయింపులను నిర్ణయించేదీ తొలుత కంపెనీ లోపలివారే. కనుక సంబంధిత పక్షాల లావాదేవీలపై నియంత్రణ నిజాయితీ గల పద్దులు, వాటిని నిర్భయంగా ప్రశ్నించే ఆడిటరు, ఓటుకు ముందు చదవడానికి వీలైన వివరణ – ఈ మూడింటిమీద ఆధారపడి ఉంటుంది. ఇచ్చేవారూ పుచ్చుకొనేవారూ ఒకరే అయినచోట, లెక్క అడిగే మూడవ మనిషికి ఆ గదిలో స్థానం కల్పించడమే ఈ రెండు శతాబ్దాల చట్టప్రయత్నపు సారాంశం.