అబ్బా కట్టేయని పాట

మా అబ్బా తెలుగు పాటలు వినేవారు కాదు. తలత్ మహమూద్, రఫీ సాబ్, అంతే. దేవదాసు అంటే కూడా 1955లో బిమల్ రాయ్ తీసిన దిలీప్ కుమార్ సినిమాయే. కానీ రేడియోలో ‘జగమే మాయ’ వస్తే మాత్రం చేతిలో పని ఆపి కూర్చునేవారు. షరాబీ పాట అబ్బాకెందుకని నాకు హైరత్.

డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ఆ పాట తారీఖ్ తెలిసింది. తెలుగు దేవదాసు 1953 జూన్ 26న వచ్చింది, అంటే దిలీప్ సాబ్ కంటే రెండేళ్లు ముందే. పాడిన ఘంటసాలది గుడివాడ దగ్గర చౌటపల్లి. తెరమీద అక్కినేనిదీ గుడివాడ పక్కనే, రామాపురం. డైరెక్టర్ వేదాంతం రాఘవయ్య కూచిపూడి మనిషి. రాసిన సముద్రాల సీనియర్‌ది కృష్ణ అవతలి ఒడ్డు, రేపల్లె వైపు పెదపులివర్రు. అంతా మన డెల్టా నీళ్లు తాగినవాళ్లే. (షరాబ్ కాదు. మత్తు కళ్ల కోసం అక్కినేని రాత్రిపూట పెరుగన్నం దండిగా తిని షూటింగ్‌కి వచ్చేవారట.)

తీసింది వినోదా పిక్చర్స్. డి.ఎల్. నారాయణ, సముద్రాల, రాఘవయ్య, సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ కలిసి పెట్టుకున్న కంపెనీ. 1951లో ‘స్త్రీ సాహసం’తో మొదలైంది, పట్టుమని పది సినిమాలు తీయలేదు. దేవదాసు పూర్తికాకముందే, 1952 జూన్‌లో సుబ్బరామన్ ఇంతెకాల్ అయ్యారు. ముప్పై కూడా నిండలేదు. మిగిలిన సంగీతం ఆయన సహాయకులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు.

మా భాంజా ఒకసారి ఇయర్‌ఫోన్స్ ఇచ్చి అమెరికా పాట ఒకటి వినిపించాడు. 1990లో సియాటల్‌లో ఆండ్రూ వుడ్ అనే గాయకుడు 24 ఏళ్లకే హెరాయిన్‌కి బలైతే, అతని రూమ్మేట్ క్రిస్ కార్నెల్ ఆ గమ్‌లో నలుగురిని పోగేసి ‘టెంపుల్ ఆఫ్ ద డాగ్’ పేరుతో ఒక్క ఆల్బమ్ చేశాడు. వింటుంటే నాకు సుబ్బరామనే గుర్తొచ్చారు. దేవదాసు మాతమ్ కోసం తీసింది కాదు, అయినా అందులో ఒక మర్హూమ్ ఉన్నాడు.

మాయ మన దీన్ మాట కాదని నేను అబ్బాతో బహస్ చేసేవాణ్ని. మాయ అంటే దునియా ఉన్నట్టు కనిపించడమే. ఫానీ అంటే దునియా నిజంగానే ఉంది, నిలవదు, హిసాబ్ మాత్రం ఇవ్వాలి. రెండూ ఒకటెలా అవుతాయి? అబ్బా జవాబు చెప్పేవారు కాదు.

ఆయన పోయాక అమ్మీ చెప్పింది. నికాహ్ అయిన కొత్తలో ఆ పాట వస్తే అబ్బాయే రేడియో కట్టేసేవారట. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చింది. ఆ వారం బందరు నుంచి దోస్తులతో కలిసి కఫన్ బట్ట మోసుకుని దివిసీమ వెళ్లారు. ఎవరు ఏ మజహబో ఆనవాలు దొరకని మయ్యత్‌లు. బట్ట చాలలేదు. తిరిగొచ్చాక చాలా రోజులు మాట్లాడలేదు. ఒక రాత్రి ఆ పాట మొదలైతే, ఆయనకు ఇష్టం ఉండదని అమ్మీయే కట్టేయబోయింది.

‘రెహ్నే దో’ అన్నారట.