దస్తావేజు నకలు, కంప్యూటరు వేలిముద్ర

ఈసారి పోస్టు కాస్త పొడుగు, తీరిగ్గా చదవండి.

పోయిన నెల తిరుత్తణిలో మన సభ్యులొకరి ఇంట్లో అటక మీది ఇనప్పెట్టె దించారు. అందులో తాతగారి నాటి భాగ పంపకాల పత్రం, రెండు క్రయ దస్తావేజులు, కరణం చేతిరాత కాగితాలు కొన్ని. అన్నీ తెలుగులోనే. మడతల దగ్గర కాగితం పొడి పొడిగా రాలుతోంది. ఆ ఇంట్లో వాటిని చదవగలిగింది పెద్దావిడ ఒక్కరే.

అవి తెలుగులో ఎందుకున్నాయో పెద్దలకు తెలుసు, పిల్లల కోసం చెబుతున్నాను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కూడా ఆ జిల్లాలోనే ఉంది. ఆ తర్వాత పటాస్కర్ నిర్ణయం, 1959 నాటి సరిహద్దుల చట్టం వచ్చాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు వచ్చాయి. ఆ రాత్రి మన ఇళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, రాష్ట్రం మారింది. పెట్టెల్లో కాగితాలు మాత్రం పాత భాషలోనే మిగిలిపోయాయి.

నలభై ఆరు పేజీలు స్కాన్ చేశాం. వాటిని హైదరాబాదులో ఉన్న మనవరాలి కంప్యూటరుకు చేర్చాలి. ఫోన్లో ఫోటోలుగా పంపితే నాణ్యత తగ్గి కరణం గారి గొలుసుకట్టు రాత అలుక్కుపోతుంది. పైగా వాటిలో పొలం హద్దులు, సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. దారిలో ఎవరి కంటా పడకూడదు. అందుకని ఎస్‌సీపీ అనే పాత పద్ధతి వాడాను. నల్లటి తెర మీద ఒకే ఒక్క వరుస ఆజ్ఞ. "ఇంత పాతది ఎందుకండీ?" అని ఒకాయన అడిగారు. దాని చరిత్రే జవాబు.

నకలు తీయడం మనకు కొత్త కాదు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను జీతాలిచ్చి పెట్టుకుని తాళపత్రాలకు నకళ్ళు రాయించాడు. ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, తేడాలు గుర్తించేవారు. ఆయన పోగుచేసినవి చివరికి మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. రాయడం ఒక పని, సరిచూడడం మరో పని అని ఆయనకు బాగా తెలుసు.

కంప్యూటర్ల లోకంలో మొదట ఈ రెండో పనిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1983లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన యూనిక్స్‌లో ఆర్‌సీపీ అని ఒక ఆజ్ఞ వచ్చింది. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి ఫైలు నకలు తీయడమే దాని పని. అవతలి యంత్రంలో ఒక జాబితా ఉండేది. మీ యంత్రం పేరు అందులో ఉంటే పాస్‌వర్డు కూడా అడిగేది కాదు. ఊళ్ళో "ఫలానా వారి అబ్బాయిని" అంటే తలుపు తీసినట్టు. వెళ్ళే సమాచారం కూడా పోస్టుకార్డులాగా, మధ్యలో ఎవరు చూసినా చదవగలిగేలా వెళ్ళేది. నెట్‌వర్కులో ఉన్నవాళ్ళందరూ ఒకరికొకరు తెలిసిన రోజుల్లో అది చెల్లింది.

1995లో ఫిన్లాండులో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో దొంగచాటుగా పాస్‌వర్డులు పట్టారు. అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ దానికి విరుగుడుగా ఎస్ఎస్‌హెచ్ రాసి, ఆ జూలైలోనే అందరికీ ఉచితంగా ఇచ్చాడు. టెల్‌నెట్‌కు 23వ ద్వారం, ఎఫ్‌టీపీకి 21 ఉన్నాయి. మధ్యలో 22 ఖాళీగా ఉంటే ఉత్తరం రాసి అడిగి తీసుకున్నాడు. ఆ సంఖ్య ఈరోజుకీ అదే. మన దేశంలో మామూలు జనానికి వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ ఇచ్చింది కూడా ఆ ఏడాదే, ఆగస్టు 15న. అంటే మన వీధిలోకి నెట్ రాకముందే తాళం తయారైంది. మనం వాడలేదు, అది వేరే మాట.

ఆర్‌సీపీ పద్ధతిని ఎస్ఎస్‌హెచ్ అనే మూసిన గొట్టంలో నడిపితే వచ్చినదే ఎస్‌సీపీ. మధ్యలో చూసేవాడికి అర్థంలేని అక్షరాలే కనిపిస్తాయి. 1999 డిసెంబరులో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు దీనికి ఓపెన్ఎస్ఎస్‌హెచ్ అనే ఉచిత రూపం తెచ్చారు. ఇప్పుడు లినక్స్, మ్యాక్, విండోస్ 10 అన్నిటిలోనూ అదే ఉంటుంది, విడిగా కొననక్కర్లేదు.

గొట్టం గట్టిదే కానీ లోపల నడిచేది 1983 నాటి పద్ధతే కదా. 2019లో ఒక లోపం బయటపడింది. మీరు తెమ్మన్న ఫైలే అవతలి యంత్రం ఇస్తోందా అని ఎస్‌సీపీ సరిగ్గా చూసుకోవడం లేదు. కాగితం తెమ్మంటే ఏ కాగితం తెచ్చాడో చూడకుండా పెట్టెలో పెట్టుకున్నట్టే. చివరికి 2022 ఏప్రిల్‌లో, ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.0తో లోపలి పద్ధతిని మార్చి ఎస్‌ఎఫ్‌టీపీ పెట్టారు. ఆజ్ఞ పేరు అదే, టైపు చేసే తీరూ అదే. నాకు ఈ పని బాగా నచ్చింది. గడప కదపకుండా ఇల్లు బాగుచేసినట్టు చేశారు.

ఇక నా తెలివితక్కువ పని చెబుతాను. ఎస్‌సీపీ అని కొట్టి, ఫైలు పేరు, తర్వాత అవతలి యూజరు పేరు, అట్ గుర్తు, యంత్రం పేరు రాయాలి. చివర కోలన్, అంటే నిలువుగా రెండు చుక్కలు పెట్టాలి. నేను చుక్కలు మరిచాను. క్షణంలో పని అయిపోయింది! అంత వేగం చూసైనా నాకు అనుమానం రావాల్సింది. మనవరాలు ఫోన్ చేసి "ఏమీ రాలేదండీ" అంది. చూస్తే నా కంప్యూటరులోనే, ఆ అమ్మాయి యూజరు పేరూ యంత్రం పేరూ కలిపిన పేరుతో కొత్త ఫైలు కూర్చుని ఉంది. చుక్కలు లేకపోతే అది అవతలి యంత్రమని ఎస్‌సీపీకి తెలియదు, ఇక్కడే నకలు తీసి ఊరుకుంటుంది. అప్పటికే స్కాన్లు తుడిచేసి ఉంటే, రాలుతున్న ఆ కాగితాలను మళ్ళీ విప్పాల్సి వచ్చేది.

రెండోసారి చుక్కలు పెట్టాను. ఈసారి తెర మీద ఒక పొడుగాటి అక్షరాల వరుస వచ్చింది. ఇది అవతలి యంత్రం వేలిముద్ర, నమ్మి ముందుకు వెళ్ళమంటారా అని అడుగుతుంది. అందరూ చదవకుండా యెస్ కొట్టేస్తారు, నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను. మొదటిసారి చూసే ముఖాన్ని ఎస్ఎస్‌హెచ్ గుర్తు పెట్టుకుంటుంది, తర్వాత ముఖం మారితే కేకవేస్తుంది. ఆ మొదటిసారే దొంగ నిలబడి ఉంటే మాత్రం దొంగనే గుర్తు పెట్టుకుంటుంది.

ఈసారి మనవరాలికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి తన యంత్రం వేలిముద్ర ఒక్కో అక్షరంగా చదివింది, నేను తెర మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. పక్కన పెద్దావిడ ఆ పాత దస్తావేజు మీద తన మామగారి బొటనవేలి ముద్ర చూస్తూ కూర్చున్నారు. అన్ని అక్షరాలూ కలిశాయి. అప్పుడు యెస్ కొట్టాను. ఫైలు వెళ్ళాక రెండు వైపులా దాని చెక్‌సమ్ తీసి అదీ పోల్చుకున్నాం.

పెట్టెల్లో ఇలాంటి కాగితాలున్న వాళ్ళు నాకు చెప్పండి. తిరువళ్ళూరు వైపు వాళ్ళైతే ఆదివారం నేనే రైలెక్కి స్కానరుతో వస్తాను. కాగితాలను మాత్రం మీరు విప్పకండి, వచ్చాక ఇద్దరం కలిసి విప్పుదాం.