తరాజు, ఖాతా, చట్టం: మన ఏజెన్సీలో వ్యాపార ధర్మం

మన ములకలపల్లి ప్రాంతంలో వ్యాపారమంటే ముందు గుర్తుకొచ్చేది సంత. కోయ సోదరులు అడవి నుంచి ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయలు, కుంకుడుకాయలు, తపసి జిగురు, తేనె తెచ్చేవారు. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు, ఎండుచేపలు పట్టుకొని పోయేవారు. యీ ఇచ్చిపుచ్చుకోవడానికి మధ్య రెండు వస్తువులుండేవి. ఒకటి తరాజు, రెండవది ఖాతా పుస్తకం. ఏజెన్సీలో వ్యాపారానికి సంబంధించిన చట్టాలన్నీ చాలావరకు యీ రెండింటి చుట్టూ పుట్టినవే.

తెలుగువాళ్ళు లెక్కలలో వాడే మాటలు గమనించండి. జమ, ఖర్చు, బాకీ, నగదు, వసూలు, రసీదు, దుకాణం: యివన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి ఉర్దూ ద్వారా వచ్చి తెలుగులో కలిసిపోయినవే. మాటలు మన ఇంటినుంచి వెళ్ళాయి. వాటి వెంట వుండవలసిన నీతి కూడా వెళ్ళిందా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

ఒకప్పుడు గోదావరి మన రెండు ప్రభుత్వాలకు సరిహద్దు. అవతల భద్రాచలం తాలూకా బ్రిటిషువారి మద్రాసు రాజధానిలోనిది. యివతల పాల్వంచ వైపు నిజాం రాజ్యం. అవతల 1917లోనే ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం వచ్చింది. దాని ప్రకారం కొండజాతివారి బాకీపై వడ్డీ ఏడాదికి నూటికి 24కు మించరాదు, చక్రవడ్డీ చెల్లదు. ప్రభుత్వ అనుమతి లేకుండా వారి భూమి యితరులు కొంటే ఆ బదిలీ చెల్లదు. యివతల ఆలస్యమైంది. 1940లో ఆదిలాబాదు జిల్లా జోడేఘాట్‌లో కొమరం భీము నేలకొరిగిన తర్వాతే నిజాం ప్రభుత్వం కళ్ళు తెరిచింది. హైమెండార్ఫ్ అనే పండితుణ్ణి గిరిజనుల స్థితిగతులు పరిశీలించమని కోరింది. ఆయన మన పాల్వంచ అడవులలోని కొండరెడ్ల మధ్య కూడా తిరిగి 1945లో పుస్తకం ప్రచురించాడు. కలప వ్యాపారులు ముందుగా కొంత అప్పిచ్చి, ఆ బాకీ ఎన్నటికీ తీరకుండా చేసి మనుషులను ఎలా కట్టివేశారో అందులో వివరించాడు. 1356 ఫసలీలో, అంటే 1946లో, యివతల కూడా గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది.

స్వాతంత్ర్యం తర్వాత చట్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార కార్పొరేషన్ ఏర్పడింది. అడవి సరుకును న్యాయమైన ధరకు కొనడం దాని పని. 1958 నుంచి శేరు, మణుగు, కుంచం, మానికల స్థానంలో కిలోగ్రాము, లీటరు వచ్చాయి. అదివరకు ఊరికో కుంచం వుండేది. కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు మరొకటి వాడినా అడిగేవాడెవడు? 1959లో భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిసింది. అదే ఏడు వచ్చిన భూబదిలీ రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణా ఏజెన్సీకీ వర్తింపజేశారు. షెడ్యూల్డు ప్రాంతాలలో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు వుండాలని 1960 నాటి రెగ్యులేషన్ చెప్పింది. 1970లో అందరి నోటా వినిపించే ‘వన్ ఆఫ్ సెవెంటీ’ వచ్చింది. ఆ పైన 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై హక్కు గిరిజనులదేనని, వారి గ్రామసభలదేనని గుర్తించాయి.

ఇన్ని చట్టాలు ఎందుకు కావలసి వచ్చాయి? వ్యాపారి తనంతట తాను చేయవలసిన న్యాయం చేయలేదు గనుక. చట్టం ముందు పుట్టి నీతి వెనక రాలేదు. నీతి తప్పిన చోటనే చట్టం పుట్టింది.

మన దీనులో యీ విషయం ఎంత స్పష్టంగా వున్నదో చూడండి. సూరా బఖరా 282వ ఆయత్ అప్పును కాగితం మీద పెట్టమంటుంది, సాక్షులను పెట్టుకోమంటుంది. అంతేకాదు, పత్రంలోని మాటలు చెప్పి వ్రాయించవలసినది అప్పు తీసుకున్నవాడు. అతనికి ఆ శక్తి లేకపోతే అతని తరఫు పెద్ద న్యాయంగా వ్రాయించాలి. బలహీనుని నోటి మాటే పత్రం కావాలన్నమాట. ఏజెన్సీలో జరిగినది దీనికి సరిగ్గా తలకిందులు. వ్రాసినవాడు అప్పిచ్చినవాడు. బాకీదారు ఏమున్నదో తెలియని కాగితం మీద వేలిముద్ర వేసినవాడు. ఎంత బాకీ తీరింది, ఎంత మిగిలింది అన్నది అప్పిచ్చినవాడు చెప్పినంతే.

తూకం సంగతి కూడా అంతే. తూకంలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ ఖుర్ఆనులో ముతఫ్ఫిఫీన్ అనే సూరాయే వున్నది. హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) తన ప్రజలకు చేసిన బోధలో కొలత, తూకం ముఖ్యమైనవి. మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి తగిలినప్పుడు ఆ తడి భాగం జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అమ్మేవాణ్ణి నిలదీశారు. తర్వాతి ఇస్లామీయ రాజ్యాలలో తూకాలు, సరుకులు తనిఖీ చేయడానికి ముహ్తసిబ్ అనే అధికారి వుండేవాడు. నేడు 2009 నాటి తూనికలు కొలతల చట్టం క్రింద వచ్చే ఇన్స్పెక్టరు చేసేదీ అదే పని.

“మేము పెద్ద షావుకార్లమా? చిల్లర దుకాణం, గుడ్డల మూట, కోళ్ళ వ్యాపారం, అంతేగదా” అని మనలో కొందరనవచ్చు. ఇమాం అబూ హనీఫా బట్టల వ్యాపారే. లోపమున్న బట్టను దాని లోపం చెప్పకుండా భాగస్తుడు అమ్మివేస్తే, ఆ సొమ్మంతా ఆయన దానం చేశారని చెప్పుకుంటారు. ఆ రోజు ఆయనను పట్టుకోవడానికి ఏ ఇన్స్పెక్టరూ రాలేదు.

వన్ ఆఫ్ సెవెంటీ గురించి దాచకుండా మాట్లాడుకోవాలి. యీ రెగ్యులేషన్ ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడు తన భూమిని మరొక గిరిజనేతరునికి కూడా అమ్మరాదు. గిరిజనునికి గాని, గిరిజనుల సహకార సంఘానికి గాని మాత్రమే అమ్మవచ్చు. వారసత్వానికి, కుటుంబ పంపకాలకు అడ్డు లేదు. తరాలుగా యిక్కడే వున్న బీద కుటుంబాలకు, పిల్ల పెళ్ళికి జాగా అమ్ముకోలేని వారికి, యిది కష్టమే. ఆ కష్టం కాదనలేము. కాని దానికి మందు బినామీ కాదు. గిరిజనుని పేరుతో భూమి వ్రాయించి అనుభవించడం చట్టాన్ని మోసగించడమే కాదు, పేరు అరువిచ్చిన ఆ మనిషిని కూడా మోసగించడమే. రేపు గొడవ వస్తే మన పిల్లలకు చూపించడానికి చేతిలో కాగితం కూడా వుండదు.

చట్టానికి ఒక హద్దు వున్నది. అది కాటా మీద ముద్ర చూడగలదు గాని, తూచే చేతిని రోజంతా కాపలా కాయలేదు. లైసెన్సు అడగగలదు గాని, పంట పోయిన బాకీదారుకు గడువివ్వమని ప్రతి దుకాణానికీ వచ్చి చెప్పలేదు. ఆ మాట బఖరా 280వ ఆయత్ చెబుతుంది. మాఫీ చేస్తే మరింత మేలంటుంది. చట్టం ఆగినచోట నుంచి ఈమాను నడవాలి.

వడ్డీ లేకుండా పని జరగదా అని అడిగేవారికి మన హైదరాబాదే జవాబు. అక్కడ పుట్టిన పండితుడు ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఆ నగరంలో వడ్డీలేని అప్పులిచ్చే సంఘాలు నడిచిన తీరును గురించి లోకానికి తెలిపారు. పదిమంది పొదుపు, ఒక నమ్మకమైన లెక్క: అంతకుమించి దానికి పెట్టుబడి అక్కరలేదు.

కాబట్టి సభ్యులందరికీ మా మనవి ఒక్కటే. కాటాకు ఏటా ముద్ర వేయించండి. అరువిచ్చిన ప్రతివారికీ చీటీ ఇవ్వండి, చదువురానివారికి వారి మనిషి ముందే చదివి వినిపించండి. మన కుర్రవాళ్ళకు దుకాణం అప్పజెప్పేటప్పుడు తాళంచెవులతోపాటు యీ చరిత్ర కూడా అప్పజెప్పండి. అల్లాహ్ మన సంపాదన హలాల్ చేసి, అందులో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.