మరలివచ్చు బరువు : స్థూలకాయ శస్త్రచికిత్స చరిత్రము



బరువు తగ్గుటకై కడుపునకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారికి కొన్ని యేండ్ల పిమ్మట ఆ బరువు మరల వచ్చుట, దాని నెట్లు ఎదుర్కొనవలె ననుట నేటి నా ప్రసంగమునకు విషయము. ఇది పట్టణవాసుల వ్యవహారము, పల్లెలోని మనకేల యని మీరడుగవచ్చును. అడుగుట న్యాయమే. కాని నేడు మన ఝరాసంగము ప్రాంతమున హైదరాబాదులో నొక కొడుకో కూతురో లేని కుటుంబ మరుదు. అట్టి బిడ్డలలో ఈ చికిత్స పొందినవారును కొందరుందురు. వారు పండుగకు వచ్చిన మొదటి యేట, "ఏమి బిడ్డా, ఇంత బక్కచిక్కితివి? ఇంకొక రొట్టె తినుము" అందుము. మూడవయేట, "లక్షలు పోసి కోయించుకొంటివి గదా, మరల నట్లే యైతివేమి?" అందుము. రెండును ప్రేమతో నన్న మాటలే. రెండును హాని చేయు మాటలే. మాట పడినవాడు సిగ్గుపడును. సిగ్గుపడినవాడు వైద్యునొద్దకు మరల పోడు. పోనివానికి బరువే గాక వేరు వ్యాధులును వచ్చును. కావున ఈ చికిత్స యెట్లు పుట్టినదో, ఎచ్చట తప్పటడుగు వేసినదో, మనకేమి నేర్పినదో క్రమముగా చెప్పెదను.

మొదట మన గ్రంథములను జూతము. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ యధ్యాయమునకు అష్టౌనిందితీయ మని పేరు. లోకము నిందించు ఎనిమిది తీరుల దేహములను పేర్కొని, అందు అతిస్థూలమును, అతికృశమును గూర్చి యాచార్యుడు విస్తరించి చెప్పెను. అధ్యాయమునకు పేరు నిందయేగాని లోపలనున్నది రోగనిదానము. మేదస్సు మార్గములను నిరోధింపగా వాయువు కోష్ఠమునందే సంచరించుచు జఠరాగ్నిని రగిల్చుననియు, అందుచే స్థూలకాయునకు తిన్నది త్వరగా జీర్ణమై మరల ఆకలి పుట్టుననియు ఆయన వివరించెను. ఈ వివరణమును నేటి శాస్త్రము మాటకు మాట యంగీకరింపదు. కాని యందలి మర్మ మొకటి నేటికిని నిలిచియున్నది. స్థూలకాయుని యాకలి వాని దుర్బుద్ధివలన పుట్టినది కాదు, అది శరీరధర్మము.

చికిత్స చెప్పునపుడు, జీర్ణించుటకు బరువై యుండియు ఒంటికి బలుపు నీయని యాహారమును విధించెను. అనగా కడుపు నిండవలెను, కొవ్వు పెరుగరాదు. వ్యాయామాదులను క్రమక్రమముగా పెంచుకొమ్మనెను. స్థూలునికంటె కృశునకు చికిత్స చేయుట సులభమనియు ఒప్పుకొనెను. అంతటి యాచార్యుడే కష్టమని యొప్పుకొన్న పనిని, "నోరు కట్టుకొన్న చాలును" అని మనము తేల్చివేయుట తగునా?

శస్త్రముతో కడుపును మార్చుట మత్తుమందులు కుదిరిన పిమ్మటగాని సాధ్యము కాలేదు. ఆ కథలో మన హైదరాబాదునకును చోటున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని కాలమున, 1888, 1889 సంవత్సరములలో, ఎడ్వర్డు లారీ యను వైద్యుడు హైదరాబాదులో నడపిన క్లోరోఫారము విచారణసంఘములు లోకమున పేరొందినవి. వాని నిర్ణయము లన్నియు తరువాతి విమర్శకు నిలువలేదు. అయినను మత్తు నెట్లు భద్రముగా నీయవలె నను విచారమును అవి దేశదేశముల వైద్యులలో రేకెత్తించినవి. నాటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి వారసమైన ఉస్మానియా ఆసుపత్రిలోనే ఇటీవలి యేండ్లలో, రెండువందల కిలోలకు మించిన బరువుగల యొక యువకునికి వైద్యులు ఈ చికిత్స చేసిరి. కావున ఇది ధనికుల యాసుపత్రులకు మాత్రమే చెందిన విద్యగా మిగులలేదు.

చికిత్సకు పూర్వము ఆకలిని గూర్చిన యొక పరీక్షను చెప్పవలెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులగు యువకులను, వారి సమ్మతితో, 24 వారములు అర్ధాహారముపై నుంచెను. వారి బరువులో సుమారు నాల్గవవంతు తగ్గినది. పిదప కావలసినంత తిననీయగా, కడుపు నిండినను ఆకలి తీరదాయెను. పోయిన బరువు తిరిగివచ్చుటయే గాక పలువురకు కొవ్వు మునుపటికంటె నధికమయ్యెను. వారు తిండిపోతులు గారు, సోమరులును గారు. యుద్ధమున ఆయుధము పట్టనొల్లక, లోకోపకారమునకై ఈ కష్టమును తమంతట వహించినవారు. శరీరము తాను పోగొట్టుకొన్నదానిని మరల కూర్చుకొన యత్నించు నను సత్యము వారి యనుభవమున స్పష్టమైనది. నేటి మన విషయమునకు మూలమిదియే.

ఆ విశ్వవిద్యాలయమునందే 1954లో క్రెమెన్, లిన్నర్ మొదలగు శస్త్రవైద్యులు చిన్నప్రేగులో చాలభాగమును ఆహారమార్గమునుండి తప్పించు విధానమును ప్రకటించిరి. తిన్నది ఒంటబట్టక జారిపోవుటచే బరువు తగ్గెను. కాని దానివెంట ఎడతెగని విరేచనములు, మూత్రపిండములలో రాళ్లు, కొందరికి కాలేయనాశము దాపురించినవి. 1980 ప్రాంతమునకు వైద్యులు ఆ పద్ధతిని విడిచిపెట్టిరి. చేయించుకొన్నవారిలో పలువురకు మరల కోసి ప్రేగును పూర్వస్థితికి తేవలసివచ్చెను.

అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డు మేసన్ అను వైద్యుడు వేరొక దారి పట్టెను. కడుపులో పుండునకై జీర్ణాశయములో కొంతభాగము తీసివేయబడిన స్త్రీలు బరువెక్కకుండుట ఆయన గమనించెను. 1966లో జీర్ణాశయపు పైభాగమును చిన్నసంచిగా విడదీసి, దానిని చిన్నప్రేగునకు కలిపెను. గ్యాస్ట్రిక్ బైపాసు అనునది ఇదియే. 1994లో ఈ చికిత్సను చిన్నరంధ్రములగుండ, కెమెరా సాయమున చేయు పద్ధతి ప్రకటితమయ్యెను. స్లీవ్ అను మరియొక విధానమున జీర్ణాశయములో ముప్పాతికభాగమును తీసివేసి, అరటికాయవంటి సన్నని గొట్టమును మిగుల్తురు. మిక్కిలి బరువైనవారికి తొలిమెట్టుగా చేసిన యీ పని తనంతనే చాలునని తేలి, నేడు లోకమున విరివిగా జరుగుచున్నది.

1991లో అమెరికా జాతీయారోగ్యసంస్థలు కూర్చిన నిపుణుల సభ, ఈ చికిత్స యెవరికి తగునో నిర్ణయించుచు, చేయించుకొన్నవారికి జీవితాంతము వైద్యపర్యవేక్షణ యావశ్యకమని స్పష్టముగా చెప్పెను. చికిత్స యెవరికి తగునను మాటను లోకము పట్టుకొన్నది. జీవితాంత పర్యవేక్షణ యను మాటను చాలమంది జారవిడిచిరి. కోత యొకనాటిది, కాపుదల జీవితకాలపుది.

ఇక బరువు మరలివచ్చుట యను విషయమున లోకమునకు కన్ను తెరిపించినది స్వీడను దేశము. 1987లో మొదలిడి అచ్చటి వైద్యులు చికిత్స పొందినవారిని సుమారు 2000 మందిని, పొందనివారిని అంతేమందిని సంవత్సరముల తరబడి పరిశీలించిరి. బైపాసు చేయించుకొన్నవారికి తొలి యొకటి రెండేండ్లలో బరువు నూటికి 32 పాళ్లు తగ్గెను. పది యేండ్లు గడచునప్పటికి ఆ తగ్గుదల నూటికి 25 పాళ్లుగా నిలిచెను. జీర్ణాశయమునకు పట్టీ బిగించుకొన్నవారికి 20 పాళ్ల తగ్గుదల 14 పాళ్లకు వచ్చెను. ఈ లెక్కను మన యింటిలెక్కగా చూతము. 120 కిలోల మనిషి బైపాసు పిమ్మట సుమారు 82 కిలోలకు దిగును; పది యేండ్లకు 90 కిలోలకు చేరును. ఎనిమిది కిలోలు వచ్చెనని చూచువారు ముప్పది కిలోలు రాకుండుటను చూడరు. చికిత్స పొందినవారిలో మరణములును తక్కువగా నుండెనని 2007లో వారు ప్రకటించిరి. కావున కొంత బరువు మరలుట చాలమందికి కలుగునదే. దానిని బట్టి చికిత్స వ్యర్థమనుట గాని, మనిషి పనికిమాలినవాడనుట గాని న్యాయము కాదు.

బంతియాటలో లోకప్రసిద్ధుడైన మారడోనా 2005లో కొలంబియా దేశమున బైపాసు చేయించుకొని చాల చిక్కెను. మరల బరువు పెరుగగా 2015లో వెనిజులాలో రెండవమారు శస్త్రచికిత్స పొందెను. దేహమే జీవనముగా పరుగెత్తినవానికిని ఇట్లయ్యెననిన, సామాన్యుల నేమందుము?

బరువు ఏల మరలును? కారణము లనేకములు. జీర్ణాశయమునుండి గ్రెలిన్ అను ఆకలిరసము పుట్టునని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. చికిత్స పిమ్మట ఇట్టి రసములు మారుటచే తొలి సంవత్సరమున ఆకలి మందగించును. రోగికి అంతయు సులభముగా తోచును. కాలక్రమమున ఆకలి కొంత మేలుకొనును. చిక్కిన దేహము తక్కువ యాహారముతోనే పనులు నడుపుకొన నేర్చును. కడుపుసంచి గాని, ప్రేగుతో కలిపిన ద్వారము గాని కొందరికి సాగును. ఒక్కమారుగా తినలేనివారు దినమంతయు కొంచెము కొంచెముగా తినుట కలవాటుపడుదురు. గట్టి యాహారము నిలిపివేయు కడుపు తీయని పానీయమును, ఐస్‌క్రీమును అడ్డగింపదు. కొన్ని మందులును బరువు పెంచును. మనసులోని దిగులునకు అన్నమే ఓదార్పైనవారికి, కడుపు కోసినను దిగులు కోయబడదు గదా.

ఎదుర్కొను విధము వినుడు. వారమున కొకమారు, ఒకే వేళకు బరువు తూచుకొని వ్రాసికొనవలెను. వరుసగా మూడు నాలుగు కిలోలు పెరిగినచో, ముప్పది కిలోలు పెరుగువరకు వేచియుండక వైద్యునొద్దకు పోవలెను. కడుపుసంచి సాగినదా, అలవాటు మారినదా, మందు కారణమా యని ఆయన పరీక్షించి చెప్పును. భోజనమున పప్పు, పెరుగు, గ్రుడ్డు, చేప వంటివి ముందు తినవలెను. అన్నము, రొట్టె తరువాత. మెల్లగా నమలవలెను. భోజనముతోపాటు నీరు త్రాగక కొంత యెడమిచ్చి త్రాగవలెను. కల్లు సారాలు ఈ చికిత్స పొందినవారికి, అందును బైపాసువారికి, త్వరగా తలకెక్కును. వ్యసనముగా మారు ప్రమాదమును హెచ్చు. నడక, బరువులెత్తు పని క్రమముగా పెంచవలెను. బరువు మరలినను మరలకున్నను, బీ12, ఇనుము, కాల్షియము, డీ విటమినులను వైద్యుడు చెప్పినట్లు జీవితాంతము తీసికొనవలెను. సిగ్గుచే ఆసుపత్రికి పోక వీనిని మానినవారికి రక్తహీనత, నరముల బలహీనత కలుగవచ్చును. నేను మొదట చెప్పిన హాని ఇదియే.

ఇవన్నియు చేసినను బరువు పెరుగుచునే యున్నచో మందులు కలవు. ఆకలి నణచు సెమాగ్లూటైడు, టిర్జెపటైడు అను సూదిమందులు 2025లో మన దేశమున బరువు తగ్గించుటకై విక్రయమునకు వచ్చినవి. సెమాగ్లూటైడు మానిన యేడాదికి తగ్గిన బరువులో సుమారు మూడింట రెండుపాళ్లు తిరిగివచ్చినట్లు పరీక్షలలో తేలినది. కావున వైద్యుని చూడక కొని పొడుచుకొను మందు లివి గావు. రెండవమారు శస్త్రచికిత్సయు కలదు. అది మొదటిదానికంటె కష్టతరము గనుక నిపుణులు బాగుగా విచారించి చేయుదురు.

ఇప్పుడు మన వంతు. జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర మన నేలపంటలు. 1983లో పస్తాపురమున మొదలైన దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ, దానితో కూడిన సంఘముల స్త్రీలు వీనిని మరల పొలములకు తెచ్చిరి. పాత పంటల జాతరలు నడపిరి. 2008లో మన మాచనూరునుండి సంఘం రేడియో వారి మాటలను వినిపింపసాగెను. పండుగకు వచ్చిన బిడ్డకు ఈ పంటల భోజనమే పెట్టుడు. అయితే జొన్నరొట్టె మంచిదని నాలుగు పెట్టరాదు. సగము రొట్టె, గిన్నెడు పప్పు, ఆకుకూర, మజ్జిగ చాలును. భక్ష్యములు, మలీద ముక్క రుచికి పెట్టుడు, బలవంతము చేయకుడు. విస్తరిలో విడిచిన యన్నమును జూచి నొచ్చుకొనకుడు. బంధువులయెదుట బరువు మాట యెత్తకుడు. ఏకాంతమున, "వైద్యుని జూచి ఎన్నాళ్లైనది? నేను తోడు రానా?" అని యడుగుడు. ఆ ప్రశ్నలో చికిత్స యున్నది.

మన పెద్దలు చెరువు త్రవ్వి కట్ట పోసి, పని ముగిసినదని యింట కూర్చుండలేదు. ఏటేట పూడిక తీసిరి, తూములు చూచుకొనిరి. వానకాలమున కట్టకు గండి పడెనేని, చెరువును తిట్టుచు గట్టున నిలువక, ఊరంతయు మట్టితట్టలతో కదలెను. చికిత్స పొందిన దేహమును ఆ కట్టవంటిదే. గండి చిన్నదిగా నున్నపుడే చూడవలెను. చూచినవారు చేయి వేయవలెను.